చిత్రకళాభ్యాసంలో మాధ్యమం

కవికి భాష ఎటువంటిదో చిత్రకారునికి మాధ్యమం అటువంటిదని సామాన్యంగా చెబుతూ ఉంటారు. ఈ పోలిక కొంతవరకే చెల్లుతుంది. కవి తన భాషను తల్లి ఒడిలో నేర్చుకొంటాడు. అది తనకు ఎప్పుడు అలవడినదో అతనికి జ్ఞాపకం ఉండదు. చిత్రకారుడు తన మాధ్యమాన్ని బుద్ధి తెలిసిన తరువాత, కాగితాలు పాడుచేసుకొంటూ, గురువుచేత దిద్దించుకొంటూ నేర్చుకొంటాడు. ఒక మాధ్యమం చేతికి లొంగుతున్నదని అనుకొనే వేళకు విద్యాలయం మరొక మాధ్యమాన్ని అతని ముందు పెడుతుంది. పెన్సిలు తరువాత నీటిరంగు, నీటిరంగు తరువాత తైలవర్ణం, ఆ తరువాత కుడ్యచిత్రం, ముద్రణచిత్రం, లోహం. ప్రతిసారీ అతడు మళ్ళీ ఓనమాలు దిద్దవలసినదే. ఈ మార్పులవల్ల అతనికి కలిగేది హస్తకౌశలం మాత్రమేనా, లేక చూపుకూడా మారుతుందా? ఇన్ని దారులు తొక్కినవానికి తనదంటూ ఒక దారి మిగులుతుందా? ఈ ప్రశ్నలు చిత్రకళకు సంబంధించినవే అయినా, ఒక ఛందస్సునుంచి మరొక ఛందస్సుకు, ఒక భాషనుంచి మరొక భాషకు ప్రయాణించే రచయితలకుకూడా పరాయివి కావు.

ఇటువంటి ప్రశ్నలు సహజంగా పుట్టే ఊళ్ళలో భిలాయి ఒకటి. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడిక ననుసరించి అక్కడ ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరిలో దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లో ఉండిన ఆ ఊరు 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోనిది. దేశం నాలుగు చెరగులనుంచి ఉద్యోగాలకు వచ్చినవారితో ఏర్పడిన ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. అక్కడ పెరిగే తెలుగు పిల్లవాడు ఇంటిలో తెలుగు, బడిలో హిందీయో ఇంగ్లీషో, బజారులో ఛత్తీస్‌గఢీ వింటాడు. అమ్మతో చెప్పిన మాటనే స్నేహితునితో చెప్పవలసివస్తే భాషతోపాటు మాట పోకడకూడా కొంత మారుతుందని అతనికి చిన్ననాడే అనుభవంలోకి వస్తుంది.

అటువంటి పిల్లవాడు చిత్రకళ నేర్వదలిస్తే చేరువలోనే ఖైరాగఢ్ ఉన్నది. ఆ సంస్థానాధీశుడు బీరేంద్ర బహదూర్ సింగ్, రాణి పద్మావతీదేవి తమ కుమార్తె ఇందిర స్మృత్యర్థం రాజభవనాన్ని దానం చేయగా 1956లో ఇందిరా కళాసంగీత విశ్వవిద్యాలయం అక్కడ నెలకొన్నది. సంగీత నృత్యాలతోపాటు చిత్రలేఖనం, ముద్రణకళ, శిల్పం ఆ విశ్వవిద్యాలయంలో బోధిస్తారు. ఇటువంటి విద్యాలయంలో చేరిన విద్యార్థికి ఒక్కొక్క మాధ్యమం ఏమి నేర్పుతుందో వరుసగా చూడవచ్చు.

మొదటి పాఠం క్రమానికి సంబంధించినది. నీటిరంగులో సాధారణంగా తెలుపును పూయరు; కాగితమే తెలుపు. వెలుగు ఎక్కడ ఉండవలెనో విద్యార్థి ముందే నిశ్చయించుకొని ఆ చోటును కుంచె తాకకుండా విడిచిపెట్టాలి. లేతరంగుతో ఆరంభించి క్రమంగా ముదురుకు పోవాలి. ముదురురంగు పడిన చోట వెలుగును తిరిగి తేవడం దాదాపు అసాధ్యం. కొంతకాలం ఈ సాధన చేసినవాని మనస్సు ఒక తీరున స్థిరపడుతుంది. వెలుగంటే కాపాడుకోవలసినదని, తప్పు జరిగితే దిద్దుబాటు లేదని అతడు నమ్ముతాడు.

ఈ నమ్మకంతో అతడు తైలవర్ణానికి వస్తాడు. అక్కడ వ్యవహారం తలక్రిందులుగా ఉంటుంది. చిత్రకారుడు తరచు ముదురునేలను ముందు పరచి, వెలుగును చివర పెడతాడు. రంగును పట్టి ఉంచే అవిసెనూనె నీటివలె ఆవిరైపోదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. ఈలోగా పూసినదానిని తుడిచివేయవచ్చు, గీకవచ్చు, కప్పివేసి మళ్ళీ వ్రాయవచ్చు. అయితే దీనికీ ఒక కట్టుబాటు ఉన్నది. అడుగుపొరలో నూనె తక్కువగా, పైపొరలో ఎక్కువగా ఉండాలి. ఈ నియమం తప్పితే పైపొర ముందుగా బిగుసుకొని, అడుగుపొర కదలినప్పుడు బీటలు వారుతుంది. నీటిరంగుకు అలవాటుపడిన విద్యార్థి తొలి తైలచిత్రాలలో రంగును భయపడుతూ పలుచగా పూస్తాడు. కాన్వాసు తెలుపును కాగితపు తెలుపువలె కాపాడబోతాడు. చిత్రం వెలవెలబోతుంది. లోపం అతని చేతిలో లేదు; పాత మాధ్యమం ఇచ్చిన అలవాటులో ఉన్నది. తన చూపు అనుకొన్నదానిలో నీటిరంగు వంతు ఎంతో, తన వంతు ఎంతో అతనికి మొదటిసారిగా అక్కడ తెలిసివస్తుంది.

రెండవ పాఠం కాలానికి సంబంధించినది. గుడ్డులోని పచ్చసొనతో కలిపిన టెంపెరా రంగు క్షణాలలో ఆరిపోతుంది. దానిలో ఒక రంగును మరొక రంగులోకి తడిమీద కలపడానికి వీలుండదు. సన్నని గీతలను ప్రక్కప్రక్కన పేర్చి, నీడను నేసినట్లు తీసుకొనిరావాలి. తడిగచ్చుపై వేసే ఫ్రెస్కో మరింత కఠినమైన యజమాని. అందులో రంగుకు జిగురు అక్కరలేదు. నీటితో నూరిన రంగును తడి సున్నపు గచ్చుపై పూస్తే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మారుతూ రంగును తనలో బిగించుకొంటుంది. కాబట్టి ఒక పూటలో వ్రాయగలిగినంత మేరకే గచ్చు చేయాలి; అది ఆరేలోగా పని ముగియాలి. అజంతా చిత్రకారులు మరొక మార్గం త్రొక్కి, ఆరిన నేలపై జిగురు కలిపిన రంగులతో వ్రాశారు. అందుచేత వారికి తీరిక ఎక్కువ. ఎంత ఆలోచించుకొని కుంచె పట్టవలెనో, ఎంత పట్టిన తరువాత ఆలోచించుకోవచ్చునో ప్రతి మాధ్యమమూ తన లెక్క ప్రకారం నిర్ణయిస్తుంది.

ఈ పాఠాలు ఒక కళాకారుని జీవితంలో ఎట్లా ఫలించవచ్చునో తెలుసుకొనడానికి తెలుగువారిలో చక్కని ఉదాహరణం కలాల్ లక్ష్మాగౌడ్. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. హైదరాబాదులోని ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివి, 1963లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆయన ఉద్దేశించిన విషయం కుడ్యచిత్రకళ, గురువు కె.జి. సుబ్రమణ్యన్. సుబ్రమణ్యన్ స్వయంగా శాంతినికేతనంలో నందలాల్ బోస్, వినోదవిహారి ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్‌ల వద్ద శిక్షణ పొందినవారు. బొమ్మలు, మట్టిపలకలు, అద్దంపై వెనుకనుంచి వేసే చిత్రాలు, గోడచిత్రాలు అన్నింటినీ ఒకే గౌరవంతో చూచిన కళాకారుడాయన. అటువంటి వాతావరణంలో, గోడలను అలంకరించే విద్యకోసం వెళ్ళిన తెలంగాణ యువకుడు అరచేతి వెడల్పు లోహపు పలకలపై చేసే ఎచింగ్‌తో పరిచయం చేసుకొన్నారు. ఆయనకు దేశమంతటా పేరు తెచ్చినవి ముఖ్యంగా ఆ ముద్రణచిత్రాలు, రేఖాచిత్రాలే.

ఎచింగ్ విధానం ఎరుగనివారికి ఈ మార్పు ఎంత పెద్దదో బోధపడదు. రాగి లేదా జింకు పలకను నునుపు చేసి, దానిపై మైనం మొదలైనవి కలిపిన పూత పూస్తారు. చిత్రకారుడు సూదితో ఆ పూతను మాత్రమే గీస్తాడు, లోహాన్ని కోయడు. తరువాత పలకను ఆమ్లంలో ముంచితే, పూత తొలగిన గీతల వెంట ఆమ్లం లోహాన్ని తింటుంది. కొద్దిసేపు ఉంచితే గీత సన్నగా, లేతగా ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే లోతై నల్లబడుతుంది. పిమ్మట పూతను కడిగి, సిరాను గీతలలోకి దట్టించి, పైభాగాన్ని గుడ్డతో తుడిచి, తడి కాగితం పరచి ముద్రణయంత్రం రోలర్ల నడుమ నడిపిస్తారు. కాగితం గాడులలోని సిరాను పైకి లాగుకొంటుంది. కుడి ఎడమలు తారుమారై బొమ్మ అచ్చుపడుతుంది.

ఈ ప్రక్రియలో విద్యార్థిని కలవరపరచే విశేషాలు మూడు ఉన్నవి. మొదటిది, గీత నలుపును నిర్ణయించేది చేతి ఒత్తిడి కాక, ఆమ్లంలో గడిచిన కాలం. పెన్సిలుతో ఒత్తి వ్రాసే అలవాటు ఇక్కడ నిరుపయోగం. రెండవది, గీసేటప్పుడు కనిపించేది, అచ్చులో కనిపించేది ఒకటి కావు. మసిబారిన పూతపై మెరిసే గీత కాగితంపై నల్లగీత అవుతుంది. చిత్రకారుడు తాను చూడని బొమ్మను మనస్సులో చూస్తూ గీయాలి. మూడవది, పని ఒక్క దెబ్బతో ముగియదు. ఒక అచ్చు తీసి, చూచి, పలకకు మళ్ళీ పూత పూసి, మళ్ళీ గీసి, మళ్ళీ ఆమ్లంలో ఉంచుతారు. ప్రతి దశకూ ఒక అచ్చు సాక్ష్యంగా మిగులుతుంది. రచయిత చిత్తుప్రతులను పోలినవి ఈ అచ్చులు.

లక్ష్మాగౌడ్ చిత్రాలలోని పల్లె కేవలం అందమైన పల్లె కాదు. మేకలు, చెట్లు, మోటు దేహాల స్త్రీపురుషులు, దాపరికం లేని కామం, బండలవంటి నిశ్శబ్దం ఆ చిత్రాలలో కలగలసి ఉంటవి. ఇటువంటి వస్తువును మెత్తని నీటిరంగులో వేస్తే అది సుకుమారమయ్యే ప్రమాదం ఉన్నది. సన్నని గీతలు వందలుగా అల్లుకొని చర్మానికీ, చెట్టుబెరడుకూ, మేక వెండ్రుకలకూ ఒకే ఒరిపిడి కల్పించడం లోహపు పలకకు సహజం. పల్లె ఆయనకు బరోడా వెళ్ళకముందే తెలుసు. తెలిసినదానిని చెప్పడానికి తగిన కరకుదనం ఆమ్లంలో దొరికినది. విద్యార్థి తన వస్తువును వెంటబెట్టుకొనే వస్తాడనీ, దానికి సరిపడిన ఎదురుబలం ఒక మాధ్యమంలో హఠాత్తుగా తారసపడవచ్చుననీ ఈ ఉదాహరణం తెలుపుతున్నది. గోడచిత్రంతో ఆగిపోయి ఉంటే ఆయనకు ఆ కలయిక లభించేదో లేదో చెప్పలేము. తరువాతి కాలంలో ఆయన జలవర్ణాలు, పాస్టెల్, మట్టి, కంచు, అద్దంపై చిత్రాలు అన్నీ చేపట్టారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీనాయుడు కళాశాలలో బోధించారు. 2016లో పద్మశ్రీ అందుకొన్నారు. ఏ మాధ్యమం పట్టినా ఆ చిక్కని రేఖ ఆయనను విడువలేదు.

మాధ్యమానికీ శైలికీ గల భేదం ఇక్కడ గమనింపదగినది. మాధ్యమం పదార్థానికి సంబంధించినది. శైలి చూపునకు సంబంధించినది. కాని రెండూ తరచుగా కలిసి ప్రయాణిస్తవి. 1903లో జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. వారి పనితీరును చూచిన అవనీంద్రనాథ ఠాకూరు కాగితాన్ని పదేపదే నీటిలో తడిపి, పొరపై పొరగా రంగు పరచే వాష్ విధానాన్ని రూపొందించారు. నీటితో వచ్చిన ఆ మసకతనంతోపాటు ఒక భావలోకంకూడా వచ్చినది. ప్రమోదకుమార చటోపాధ్యాయ ఆ వంగసంప్రదాయాన్ని బందరు ఆంధ్రజాతీయ కళాశాలకు తెచ్చారు. నవలాకారుడుగా తెలుగు పాఠకులెరిగిన అడివి బాపిరాజు ఆయన శిష్యులలో ఒకరు.

అదే తరంలో దామెర్ల రామారావు వేరొక దారిని వెళ్ళారు. రాజమహేంద్రవరం కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఆయన 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, పాశ్చాత్య పద్ధతిలో దేహనిర్మాణాన్ని, తైలవర్ణాన్ని అభ్యసించారు. అక్కడ నేర్చినదానిని అట్లాగే అప్పగించక, గోదావరీతీరపు స్త్రీల నడకకూ కట్టుకూ తగిన మెత్తని రేఖలోకి దానిని మలచుకొన్నారు. 1925లో మసూచికంవల్ల మరణించేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. పరాయి శైలిని నేర్చినవాడు పరాయివాడు కానక్కరలేదని చెప్పడానికి ఆ కొద్ది సంవత్సరాల కృషి చాలును. శైలిని అనుకరించడం కొద్ది నెలల పని. ఆ శైలి ఏ అవసరంనుంచి పుట్టినదో గ్రహించి, తన అవసరంతో దానిని ఒరసి చూడడం ఏండ్ల పని.

భిలాయి విద్యార్థికి ఇవి ఇతర ప్రాంతాల కథలుగా మిగిలిపోనక్కరలేదు. అతని ఊరే ఒక మహామాధ్యమం చుట్టూ కట్టినది. దల్లీ రాజహరా గనుల ఎర్రని ఖనిజం కొలిమిలో కరగి, దేశంలోని రైలుపట్టాలుగా మారడం అతని ఇంటిలోనివారికి దినచర్య. ఇనుమును అతడు జీతంగా, సైరనుగా, రాత్రి ఆకాశంలోని ఎర్రజీరగా ఎరుగును. అదే రాష్ట్రానికి దక్షిణాన బస్తరులో ఘడ్వాలు లోహాన్ని మరొక విధంగా ఎరుగుదురు. మట్టిముద్దను బొమ్మగా దిద్ది, దానిపై తేనెమైనపు దారాలను చుట్టి, మళ్ళీ మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరగిపోగా ఏర్పడిన ఖాళీలో కరగిన ఇత్తడి ప్రవహిస్తుంది. అచ్చును పగులగొడితేగాని బొమ్మ బయటికి రాదు; అందుచేత ఒక అచ్చునకు ఒకటే బొమ్మ. ఒక పలకనుంచి పలు ప్రతులు తీసే ఎచింగ్‌కు ఇది సరిగా ఎదురు. రెండింటిలోనూ మైనం ఉన్నది. ఒకచోట అది ఆమ్లాన్ని ఆపుతుంది, మరొకచోట తాను కరగి లోహానికి చోటిస్తుంది.

కర్మాగారపు నేర్పు కళగా మారిన కథలు లోకంలో లేకపోలేదు. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1925లో ఒక మోటారుకార్ల కర్మాగారంలో పనిచేసి లోహపుపనితో పరిచయం పొందారు. పికాసో, హూలియో గొన్‌సాలెస్‌ల అతుకు శిల్పాల ఛాయాచిత్రాలు చూచిన తరువాత, ఆ పనిచేతనే శిల్పం చేయవచ్చునని ఆయనకు తోచినది. 1962లో ఇటలీలో వోల్ట్రి వద్ద మూతపడిన ఉక్కు కార్ఖానాలో, అక్కడి పాత పనిముట్లతోనూ తుక్కుతోనూ ముప్పది రోజులలో ఇరవై ఏడు శిల్పాలను నిర్మించారు. తండ్రి చేతిలో జీవనోపాధి అయిన పదార్థమే బిడ్డ చేతిలో భావం కావచ్చును. అయితే దానిని మొదట మాధ్యమంగా చూడగలగాలి. తన ఇంటిముందున్నది కళకు పనికిరాదనీ, కళ అంటే పుస్తకాలలో అచ్చయిన ప్రకృతిదృశ్యమనీ భావించే విద్యార్థికి ఈ అవకాశం కనబడదు. పలు మాధ్యమాలను పరిచయం చేయడంలో విద్యాలయం చేయగల గొప్ప మేలు ఇదే. కొత్త వస్తువులను చేతికివ్వడంతోపాటు పాత వస్తువులను కొత్తగా కనబరుస్తుంది.

ఇందులో అపాయంకూడా లేకపోలేదు. ఆరునెలలకొక మాధ్యమం మారుతూ, ప్రతిదానిలోనూ పరీక్షకు తగినన్ని చిత్రాలు వేసి విడిచిపెట్టే విద్యార్థి అన్నింటిలోనూ మర్యాదగల అతిథిగానే ఉండిపోతాడు. మాధ్యమం మొదట్లో తన సులువులను చూపుతుంది. ఆ తరువాతగాని తన నిరాకరణను చూపదు. నీటిరంగు దిద్దుబాటును నిరాకరిస్తుంది, ఫ్రెస్కో తీరికను నిరాకరిస్తుంది, ఎచింగ్ వెంటనే చూచుకొనే సుఖాన్ని నిరాకరిస్తుంది. ఆ నిరాకరణ ఎదురయ్యేదాకా నిలిచి, దానితో పెనుగులాడినవానికే ఆ మాధ్యమం ఏదైనా ఇస్తుంది. కాబట్టి ఎన్ని మాధ్యమాలు నేర్చాడన్నది పెద్ద ప్రశ్న కాదు. ఏ ఒక్కదానిలోనైనా ఓడిపోయేంతవరకు నిలిచాడా అన్నదే ప్రశ్న.

తెలుగు రచయితలకు ఈ సత్యం కొత్తది కాదు. వ్యాసభారతాన్ని తెలుగు చేయబూనిన నన్నయ ముందు ప్రధానంగా అనుష్టుప్ శ్లోకాలున్నవి. తెలుగులో ఆయన ఎన్నుకొన్నది గద్యపద్యాలు కలిసిన చంపువు. సీసంలో విస్తరించగలిగినది కందంలో ఇమడదు; కందంలో బిగిసినది సీసంలో పలచబడుతుంది. ఆ ఎంపికలతోనే మూలకథ తెలుగుకథ అయినది. 1883లో ఇంగ్లీషు పద్యాలలో సారంగధర కథను వ్రాసిన గురజాడ అప్పారావు, 1910 నాటికి ముత్యాలసరాల నడకను చేరుకొన్నారు. ఇంగ్లీషు ఛందస్సులో చేసిన పరిశ్రమ వ్యర్థమని అనలేము. మరొక మాధ్యమంలో చేయి తిరిగినవాని చెవికే స్వభాషలోని వినబడని లయ వినబడే అవకాశం హెచ్చు. అనువాదకులు నిత్యమూ అనుభవించేదికూడా ఇదే. మూలభాష సులువుగా చెప్పినదానిని తెలుగు నిరాకరించినప్పుడు, ఆ వాక్యం నిజంగా ఏమి చెప్పినదని వెనుదిరిగి అడుగవలసివస్తుంది.

భిలాయి ఇంటిలో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడుతూ, విద్యాలయంలో రంగును విడిచి ఆమ్లాన్ని, ఆమ్లాన్ని విడిచి ఇత్తడిని పట్టే విద్యార్థిని చూచి పెద్దలు కొందరు జాలిపడవచ్చును: వీడు ఇంటికీ కాడు, వీధికీ కాడు, ఒక విద్యకూ కట్టుబడడని. ఆ భయానికి కారణం లేకపోలేదు. కాని ఇన్ని మార్పులలోనూ అతనిని విడువకుండా వెంటవచ్చే గుణం ఒకటి ఉండవచ్చును: ఒక రేఖ, వెలుగును గూర్చిన ఒక పట్టుదల, ఒక మనిషి నిలుచునే తీరును గూర్చిన జ్ఞాపకం. ఒకే మాధ్యమంలో ఉన్నంతకాలం అది మాధ్యమానిదో తనదో తేలదు. మాధ్యమం మారినప్పుడు మాధ్యమానిది వెనుక నిలిచిపోతుంది. తనదైనది తనతో వస్తుంది. ఆ మిగిలినదానికే శైలి అని పేరు.